డిస్కార్డ్: మాట వరకు నమ్మవచ్చు

ఫోనులో జట్టుగా ఆడే కాల్పుల ఆట బీజీఎంఐలోనే వాయిస్ చాట్ ఉండగా మాటల కోసం ఇంకొక యాప్ ఎందుకన్న ప్రశ్న సహజమే. ఆటలోని మైకు పని చేయదని కాదు, అది ఆటతో ముడిపడి ఉండడమే ఇబ్బంది. జట్టులో ఒకరి ఫోను వేడెక్కి ఆట మూతపడితే అతని గొంతు కూడా దానితోనే పోతుంది. మిగిలిన ముగ్గురికీ అతడు మళ్లీ వస్తాడో రాడో తెలియదు. పైగా ఆ ఆట భారతదేశానికే పరిమితం కనుక, ఒకప్పుడు మాతో ఆడి ఇప్పుడు డాలస్‌లో స్థిరపడిన మిత్రునికి అందులో చోటు లేదు. ఆడకపోయినా అతడు కబుర్లకు వచ్చి కూర్చుంటాడు, శనివారం మనకు రాత్రయ్యేసరికి అతనికి కాఫీ వేళ అవుతుంది. ఈ కారణాల వల్ల మేము గొంతుతోనూ రాతతోనూ కబుర్లాడుకునే యాప్ అయిన డిస్కార్డ్‌కు మారాము, మధ్యలో అలాంటిదే మరొకటైన మంబుల్‌ను కూడా నడిపి చూశాము. ఈ సమీక్ష ప్రధానంగా డిస్కార్డ్ గురించే అయినా, ఆటల ముచ్చట్లు రాసుకోవడానికి కూడా అదే చాలునా, బ్లాగు కావాలా అన్న చర్చ మా జట్టులో చాలాకాలం నడిచింది కాబట్టి ఆ సంగతీ చెప్పక తప్పదు.

డిస్కార్డ్ 2015 మే నెలలో మొదలైంది. దాన్ని స్థాపించిన జేసన్ సిట్రన్, స్టానిస్లావ్ విష్నెవ్‌స్కీ అంతకుముందు ఫేట్స్ ఫరెవర్ అనే ఆటను తెచ్చారు. ఆట పెద్దగా నడవలేదు గానీ ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి సరైన సాధనం లేదన్న సంగతి వారికి బాగా అర్థమైంది. అప్పటికి స్కైప్, టీమ్‌స్పీక్, వెంట్రిలో, మంబుల్ వాడుకలో ఉన్నాయి. స్కైప్ కాల్‌లో చాలాకాలం పాటు ఇద్దరి కంప్యూటర్లు నేరుగా కలిసేవి కనుక ఎదుటివారి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో వారి కనెక్షన్‌ను గుర్తించే అంకెలు) తెలుసుకోవడం కష్టమయ్యేది కాదు, ఓడిపోయిన అక్కసుతో ఆ చిరునామా మీదికి చెత్త ట్రాఫిక్ గుప్పించి లైను పడగొట్టేవారూ ఉండేవారు. డిస్కార్డ్‌లో ప్రతి గొంతూ ఆ సంస్థ సర్వర్ల మీదుగానే వెళుతుంది కాబట్టి తోటి ఆటగాడికి మన ఐపీ కనిపించదు. అంటే, తోటివాడిని నమ్మే బదులు సంస్థను నమ్ముతున్నాము. ఈ మార్పిడి లాభసాటిదేనా అన్నది తరువాత చూద్దాం.

ముందు శబ్దం సంగతి. డిస్కార్డ్, మంబుల్ రెండూ వాడేది ఓపస్ అనే కోడెక్‌నే, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతినే. ఇది 2012లో ఇంటర్నెట్ ప్రమాణంగా ఆమోదం పొందింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. డిస్కార్డ్‌లో ఒక జట్టు చోటును సర్వర్ అని, అందులోని ఒక్కో గదిని ఛానెల్ అని అంటారు. ఛానెల్ మామూలుగా 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వేగంతో నడుస్తుంది, డబ్బు కట్టని సర్వర్లలో దాన్ని 96 వరకు పెంచుకోవచ్చు. 64 దగ్గరే ఉంచితే ఒక మనిషి గంటసేపు ఆపకుండా మాట్లాడినా ఆ శబ్దానికి సుమారు 29 ఎంబీయే అవుతుంది, మౌనంగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఖర్చుకాదు. మొబైల్ డేటా మీద ఆడేవారు ఇందుకు భయపడనక్కరలేదు. 64కూ 96కూ తేడా మాటల్లో తెలియదు. తెలుస్తున్నదని వాదించే మిత్రుడొకడు మాలో ఉన్నాడు, అతని మాట మేము నమ్మడం లేదు.

నిజమైన తేడా తెచ్చేది చప్పుడును అణచే క్రిస్ప్ సదుపాయం. 2020లో చేరిన ఈ సదుపాయం మన ఇళ్లకు ఎంతో అవసరమైనది. తలమీద ఫ్యాను అయిదో నంబరులో తిరుగుతున్నా అవతలివారికి వినపడదు. కుక్కరు విజిల్ మొదటి క్షణంలో కొద్దిగా చెవిని తాకి వెంటనే ఆగిపోతుంది, మిక్సీ మాత్రం మాటలో కొంత భాగాన్ని తనతో పాటు మింగేస్తుంది. అయితే హాల్లో నడుస్తున్న సీరియల్‌లో అత్తగారి సంభాషణ యథాతథంగా అందరికీ చేరుతుంది, ఎందుకంటే ఈ సదుపాయం కాపాడదలచింది మనిషి గొంతునే, ఆ గొంతు ఎవరిదైనా దానికి ఒకటే. ఎవరైనా ఫోను దగ్గర పెట్టి పాట వినిపించబోతే దాన్నీ చప్పుడుగానే లెక్కగట్టి ముక్కలు చేస్తుంది. పాటల కోసం వచ్చేవారు సెట్టింగుల్లో దాన్ని ఆపుకోవాలి.

చాలామంది డిస్కార్డ్‌ను తిట్టే విషయం ఒకటుంది, అందులో డిస్కార్డ్ తప్పు తక్కువ. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వాయిస్ ఛానెల్‌లో చేరగానే ఆట శబ్దం ఒక్కసారిగా బావిలోంచి వచ్చినట్టు మారిపోతుంది. పాటలు వినేటప్పుడు మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోను రెండు చెవులకూ వేర్వేరుగా మంచి శబ్దం పంపే పద్ధతిలో ఉంటుంది. మైకు అవసరం పడగానే ఫోన్ కాల్ పద్ధతికి మారుతుంది, అందులో శబ్దం నాణ్యత తగ్గడమే కాక రెండు చెవులకూ ఒకటే వినిపిస్తుంది. బీజీఎంఐలో అడుగుల చప్పుడు ఎడమనుంచా కుడినుంచా అన్నది ప్రాణానికి సంబంధించిన విషయం. "మామా, 240లో కొండ మీద ఒకడున్నాడు" అన్న హెచ్చరిక (240 అంటే దిక్సూచి మీది దిక్కు) స్పష్టంగానే వినిపిస్తుంది, కానీ మెట్లెక్కి వెనకనుంచి వస్తున్నవాడు ఏ వైపునున్నాడో తెలియకుండా పోతుంది. దీనికి మందు రెండు మూడు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోను. ఫోనుకు గుండ్రటి ఇయర్‌ఫోను రంధ్రం లేనివారు టైప్ సీ రకం కొనుక్కోవాలి. ఎంత ఖరీదైన బ్లూటూత్ కొన్నా ఆట, మైకు ఒకేసారి కావాలంటే ఈ తలనొప్పి చాలావరకు వదలదు.

ఆలస్యం విషయంలో ఒక చిన్న సర్దుబాటు చేసుకోవాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫారసు. ఛానెల్ సెట్టింగుల్లో రీజియన్ దగ్గర ఇండియా అని స్పష్టంగా ఎంచుకుంటే హైదరాబాద్, విజయవాడ మధ్య మాట ఎదురుగా కూర్చున్నంత చురుగ్గా వెళుతుంది. డాలస్ మిత్రుడికి మాత్రం ఏం చేసినా కొంత ఆలస్యం తప్పదు, ఎందుకంటే హైదరాబాద్ నుంచి అక్కడికి గాజు తంతిలో కాంతి ప్రయాణించడానికే దాదాపు 70 మిల్లీసెకన్లు పడుతుంది, కేబుళ్లు తిన్నగా వెళ్లవు కనుక నిజంలో ఇంకా ఎక్కువే. అతడు జోకు వేశాక మేము నవ్వే నవ్వు అతనికి కాస్త ఆలస్యంగా అందుతుంది. జోకు పేలలేదేమోనని అతడు మళ్లీ వివరించడం మొదలుపెడతాడు. దీన్ని ఏ సంస్థా బాగు చేయలేదు.

మంబుల్ 2005 నుంచి ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు, సర్వర్‌ను ఎవరైనా తమ ఇంట్లోనే పెట్టుకోవచ్చు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పై మీద కూడా అది హాయిగా నడుస్తుంది. ఆలస్యం తక్కువ, ప్రకటనలు లేవు, మెరుపులు లేవు, డబ్బు కట్టమని అడిగే మీటలు లేవు. సూత్రప్రాయంగా నాకు నచ్చింది ఇదే. ఆచరణలో మాత్రం మన దగ్గర ఒక అడ్డంకి ఉంది. మా ఇంటికి కనెక్షన్ ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్ సంస్థ చాలామంది ఖాతాదారులను ఒకే బయటి ఐపీ చిరునామా వెనక ఉంచుతుంది కనుక, బయటినుంచి ఎవరూ మా సర్వర్‌ను చేరలేరు. సొంత చిరునామా కావాలంటే నెలనెలా అదనంగా చెల్లించమన్నది. అద్దె సర్వర్ తీసుకొని ఆ గండం గట్టెక్కాము. తరువాత వచ్చిన చిక్కు మనుషులది. మంబుల్‌లో మన గుర్తింపు పాస్‌వర్డు కాదు, మనం వాడే కంప్యూటర్‌లోనో ఫోనులోనో తయారయ్యే ఒక సర్టిఫికెట్ ఫైలు. ఫోను మార్చినప్పుడు ఆ ఫైలును దాచుకోకపోతే పాత పేరుతో లోపలికి రాలేరు. మా వాళ్లలో దాన్ని దాచుకున్నవారు ఎవరూ లేరు. "రేయ్, లింకు పంపితే నొక్కి వచ్చేట్టు ఉండాలి గానీ ఇదంతా ఎవడు చేస్తాడు" అన్న మాటతో ఆ ప్రయోగం ముగిసింది. కంప్యూటర్ మీదే ఆడే, ఓపిక ఉన్న జట్టుకు మంబుల్‌ను నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను.

ఇక నమ్మకం సంగతి. 2024 సెప్టెంబరులో డిస్కార్డ్ వాయిస్, వీడియో కాల్స్‌కు కొసనుంచి కొసవరకు ఎన్‌క్రిప్షన్ ప్రకటించింది; దానికి డేవ్ అని పేరు పెట్టి, ఆ పద్ధతి ఎలా పని చేస్తుందో బహిరంగంగా ప్రచురించింది. ఈ రక్షణలో ఉన్న కాల్‌లో మాటలను మధ్యలో ఉన్న సంస్థ కూడా వినలేదు. ఇది మెచ్చుకోదగిన పని. అయితే రాసే సందేశాలకు ఈ రక్షణ లేదు, అవి సంస్థ సర్వర్లలో సంస్థ చదవగలిగే రూపంలోనే ఉంటాయి. 2025 అక్టోబరులో ఇంకొక విషయం బయటపడింది: వినియోగదారుల ఫిర్యాదులు చూసే బయటి సంస్థ ద్వారా సమాచారం దొంగల చేతికి చిక్కిందని, వయసు నిరూపణకు ఇచ్చిన ప్రభుత్వ గుర్తింపు పత్రాల ఫొటోలు సుమారు 70,000 మందివి అందులో ఉండవచ్చని డిస్కార్డే చెప్పింది. గొంతుకు అంత కట్టుదిట్టం చేసిన చోట గుర్తింపు కార్డు మాత్రం ఇంకొకరి బల్ల మీద పడి ఉండడం నాకు మింగుడు పడలేదు. ఆధార్ కార్డు ఫొటోను ఆటల యాప్‌కు పంపే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇంట్లో పిల్లలు వాడుతుంటే ఫ్యామిలీ సెంటర్ అనే ఏర్పాటు ఉంది. పిల్లలు ఎవరితో మాట్లాడారో, ఏ సర్వర్లలో చేరారో పెద్దలకు తెలుస్తుంది గానీ ఏం మాట్లాడారో తెలియదు. ఈ హద్దు సబబుగానే ఉందని నా అభిప్రాయం.

మాకు అసలు పేచీ వచ్చింది రాతల దగ్గర. మ్యాచ్ ముగిశాక ఎవరు ఎక్కడ దిగాలి, ఏ తుపాకీకి ఏ స్కోపు పెట్టాలి అని మొదలైన ముచ్చట్లు క్రమంగా పెద్ద వ్యాసాలయ్యాయి, అవన్నీ డిస్కార్డ్ టెక్స్ట్ ఛానెల్‌లో పేరుకుపోయాయి. ఈ ఛానెళ్లు గూగుల్‌కు కనిపించవు కనుక బయటివారెవరూ వాటిని చదవలేరు. ఉచిత ఖాతాలో పంపగల ఫైలు పరిమాణం 25 ఎంబీ ఉండగా 2024లో దాన్ని 10కి తగ్గించారు, అందువల్ల చిన్న ఆట వీడియో కూడా వెళ్లదు. ఎక్కించిన బొమ్మ లంకెను బయట ఎక్కడైనా అతికిస్తే కొంతసేపటికి అది పని చేయడం మానేస్తుంది. మన సమాచారం మనకు ఇమ్మని అడిగితే ఇస్తారు, 30 రోజుల వరకు పట్టవచ్చు; కానీ ఆ పొట్లంలో మనం రాసిన సందేశాలే ఉంటాయి, ఎదుటివారి సమాధానాలు ఉండవు. నలుగురు కలిసి చేసిన చర్చలో ఒక్కరి మాటలే తీసి చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బ్లాగు సేవలు ఇంతకంటే నమ్మదగినవా అంటే, అన్నీ కావు. పోస్టరస్ సేవను ట్విటర్ 2012లో కొని మరుసటి ఏడాది మూసేసింది. 2003 నుంచి డబ్బు తీసుకొని నడిచిన టైప్‌ప్యాడ్ సైతం 2025 సెప్టెంబరు 30న మూతపడింది, కాబట్టి డబ్బు కడితే భద్రమన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైపు చేసి, తెలుగు బ్లాగులను ఒకచోట చూపే కూడలిలో చదువుకున్న తరం తెలుగు బ్లాగర్లలో చాలామంది రాతలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అయినా దానికీ ఒక దెబ్బ తగిలింది. భారతదేశంలో చూసేవారిని గూగుల్ కొన్నేళ్లపాటు బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ చిరునామాకు మళ్లించింది. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేయి జారిపోయింది. అప్పటివరకు ఆ చిరునామాతో పంచుకున్న లంకెలన్నీ పనికిరాకుండా పోయాయి. రాతలు పోలేదు, చిరునామా చివర ఇన్ తీసి కామ్ అని పెడితే టపా తెరుచుకునేది. ఆ కిటుకు తెలిసినవారు ఎందరు?

ఇవన్నీ చూశాక మేము బ్లాగర్‌నే ఎంచుకొని దానికి సొంత డొమైన్ తగిలించాము, బ్లాగర్‌లో ఇందుకు డొమైన్ ఖరీదు తప్ప వేరే రుసుము లేదు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో రూపు బాగుంటుంది, రాసే చోటు ఇంకా బాగుంటుంది, కానీ సొంత డొమైన్ పెట్టాలంటే డబ్బు కట్టే పథకం తీసుకోవాలి. చిరునామా మనదైతే రేపు సేవ మారినా పాఠకులకు తెలియనక్కరలేదు. బ్లాగర్‌లో బ్యాకప్ తీసుకుంటే టపాలు, వ్యాఖ్యలు ఒక ఫైలుగా వస్తాయి. ఒక మెలిక గమనించండి: ఆ ఫైలులో బొమ్మలుండవు, వాటి లంకెలు మాత్రమే ఉంటాయి. బ్యాకప్ తీసుకున్నామని ధీమాగా ఉన్నవారు దాన్ని ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది. మ్యాపుల స్క్రీన్‌షాట్లు ఎక్కువగా వాడే మాలాంటివారు బొమ్మల ఫోల్డరును విడిగా దాచుకోవలసిందే.

డిస్కార్డ్‌కు డబ్బు కట్టే పథకమైన నైట్రో కొనాలా అని అడిగేవారికి ఒక మాట. అది ఫైళ్ల పరిమాణాన్ని 500 ఎంబీకి పెంచుతుంది, స్క్రీన్ పంచుకునేటప్పుడు బొమ్మ స్పష్టతను పెంచుతుంది, రంగురంగుల ఎమోజీలు ఇస్తుంది. ఛానెల్‌లో వాయిస్ వేగం పరిమితి మాత్రం సర్వర్‌కు సభ్యులు డబ్బు కట్టి ఇచ్చే బూస్టుల మీదే ఆధారపడుతుంది, 96 కేబీపీఎస్ చాలనుకునేవారికి వాటి అవసరమూ లేదు. నలుగురు కూర్చొని ఆడుకుంటూ మాట్లాడుకోవడానికే అయితే ఉచిత ఖాతా చాలు, ఆ డబ్బుతో వైరు ఇయర్‌ఫోను, ఏడాదికి ఒక డొమైన్ రెండూ వస్తాయి.