పెట్రోల్ లాన్ మూవర్: ముహూర్తాలు లేని నెలల్లో మొరాయించే ఇంజన్

చంద్రగిరి రోడ్డులో మాకున్న ఫంక్షన్ హాలు ముందరి లాన్ కోసం 2019లో ఈ మూవర్ కొన్నాం. 160 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం, వెనక గడ్డి సంచి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రోజూ తిరుగుతున్నంత కాలం దీనికి తిరుగులేదు. మూల పెడితేనే పేచీ.

మా హాళ్లవాళ్లకు అసలు చిక్కే అది. పెళ్లిళ్ల సీజన్లో వారం వారం కోస్తాం. ఆషాఢమో, మూఢమో వచ్చిందంటే హాలు ఖాళీ, మిషను షెడ్డులో. శ్రావణంలో మొదటి ముహూర్తం దగ్గరపడ్డాక బయటికి తీస్తే మాలి తాడు లాగి లాగి భుజం పట్టుకుని కూర్చుంటాడు. అటు షామియానావాళ్లు ఫోన్లు, ఇటు మోకాలెత్తు గడ్డి. టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇన్నేళ్లలో స్టార్ట్ కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే, ట్యాంకులో నిలిచిన పెట్రోల్. మొదట్లో ఒక సర్వీస్ సెంటర్‌లో కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మొత్తం మార్చాలన్నారు. చంద్రగిరిలో మా బైకులు చూసే మెకానిక్ దాని కింద పెట్రోల్ నిలిచే గిన్నె విప్పి వాసన చూసి, "ఏం లేదన్నా, పెట్రోల్ చచ్చిపోయింది" అని నవ్వాడు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుక్కి దిగిపోతాయి. పైగా పెట్రోల్ ఆవిరయ్యాక మిగిలే జిగురు కార్బొరేటర్ జెట్‌లో పట్టేస్తుంది. ఆ రంధ్రం సూది మొన అంత ఉంటుంది, మూసుకుపోవడానికి ఎంతసేపు?

అందుకని ఇప్పుడు నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ జోలికి వెళ్లకముందే ఈ పని చేస్తాం. పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) మూసి, కార్బొరేటర్ కింది గిన్నెకున్న డ్రెయిన్ బోల్టును పదో నంబరు పానాతో వదులు చేసి, కారేదాన్ని గాజు గ్లాసులో పడతాం. మంచి పెట్రోల్ వాసన ఘాటుగా ఉంటుంది. పాతది వార్నిష్ కంపు కొడుతుంది, రంగు టీ డికాషన్‌లా మారి ఉంటుంది. గ్లాసు అడుగున బొట్లు బొట్లుగా విడిగా దొర్లేవి నీళ్లు. 2021 నవంబరు వానల్లో స్వర్ణముఖి పొంగినప్పుడు మా షెడ్డులోకీ నీళ్లొచ్చాయి. అప్పుడు గ్లాసులో పెట్రోల్ కంటే నీళ్లే ఎక్కువ. ఇంజన్ ఆయిల్ కూడా పాల రంగుకు తిరిగింది. అలా ఉంటే ఆయిల్ మార్చేదాకా తాడు ముట్టుకోవద్దు.

కాక్ తెరిచాక అదే బోల్టు దగ్గర పెట్రోల్ ధారగా రావాలి. చుక్కలుగా వచ్చి ఆగిపోతే ట్యాంకు మూత కాస్త తిప్పి చూడండి. వెంటనే ధార కట్టిందా, మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయిందన్నమాట. ఊది శుభ్రం చేస్తే సరి.

తర్వాత ప్లగ్. చోక్ వేసి నాలుగైదు సార్లు లాగి విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ లోపలికి వెళ్లడం లేదు, జెట్ శుభ్రం చేయాలి. తడిసి ఉంటే ఎక్కువైపోయింది. ప్లగ్ తుడిచి, చోక్ తీసి, ప్లగ్ లేకుండానే తాడు కొన్నిసార్లు లాగి, కాసేపు ఆరనిచ్చి బిగించాలి. ప్లగ్ మొనల మధ్య గ్యాప్ మా ఇంజన్‌కు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. మసి పట్టి నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ చూడండి. మన ఎండాకాలం దుమ్ముకు ఆ స్పాంజి ఊరికే పూడిపోతుంది.

హ్యాండిల్ మీద, పట్టుకుంటేనే ఇంజన్ నడిచే లివర్ ఉంటుంది. దాని కేబుల్ సాగినా స్పార్క్ రాదు. చిన్న విషయమే, కానీ ఎవరూ అటు చూడరు.

ఇక మా హాళ్లకే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. పందిరి విప్పేవాళ్లు ఇనుప మేకులు గడ్డిలోనే వదిలేస్తారు. బ్లేడు దానికి ఠంగుమని తగిలి ఇంజన్ ఆగిందంటే ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం)ను ఇరుసుకు పట్టి ఉంచే కీ తెగి ఉండొచ్చు. మెత్తటి లోహంతో చేసిన చిన్న ముక్క అది. అసలు భాగం విరగకుండా అదే విరిగేలా పెడతారు. అది తెగితే స్పార్క్ వేళ తప్పుతుంది. పెట్రోల్ ఉంటుంది, స్పార్క్ ఉంటుంది, అయినా ఇంజన్ అందుకోదు, తాడు చేతిని వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడు కనిపిస్తే మెకానిక్‌ను పిలవడమే మేలు. బ్లేడు చూడ్డానికి మిషనును మీరే పక్కకి వంచాలనుకుంటే ముందు ప్లగ్ వైరు పీకేయండి, కార్బొరేటర్ వైపు పైకి ఉండేలా వంచండి. లేకపోతే ఇంజన్ ఆయిల్ కారి ఎయిర్ ఫిల్టర్లోకి, సిలిండర్లోకి దిగి ఇంకో తలనొప్పి.

ఇప్పుడు సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, కార్బొరేటర్ గిన్నెలో మిగిలింది కూడా కార్చేసి పెడుతున్నాం. అప్పట్నుంచి శ్రావణంలో గొడవ చాలావరకు తగ్గింది.

కొనొచ్చా అంటే, పెద్ద లాన్‌కు కొనొచ్చు. కోత సమంగా ఉంటుంది, మెక్సికన్ గ్రాస్ మీద బాగా నడుస్తుంది. గడ్డి సంచి మాత్రం నాసిరకం, రెండో ఏడాదికే కుట్లు ఊడాయి, టైలర్ దగ్గర కాన్వాస్‌తో కుట్టించాం. ఇంటి ముందు ఒకటి రెండు సెంట్ల గడ్డికైతే ఇది దండగ. కరెంటు మూవర్ తెచ్చుకుని, వైరు బ్లేడు కిందికి పోకుండా చూసుకుంటే చాలు.