తిరుపతిలో హోమ్ నర్సును పెట్టుకుంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మంచం పట్టిన పెద్దవాళ్ల కోసం ఏజెన్సీ ద్వారా మనిషిని మాట్లాడుకుంటున్నవాళ్లు దయచేసి జాగ్రత్త. "ట్రైన్డ్ నర్సు" అని చెప్పి మా ఇంటికి పంపిన అమ్మాయికి రోగిని పక్కకు తిప్పడం కూడా ఎవరూ నేర్పలేదు. దాంతో మా అమ్మ వీపు కింద పుండు పడింది.

అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ముక్కు పైపుతో, యూరిన్ బ్యాగుతో డిశ్చార్జి చేశారు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్న ఊరు కాబట్టి చుట్టుపక్కల జిల్లాల రోగులంతా ఇక్కడికే వస్తారు. డిశ్చార్జి అనగానే ఇంట్లో ఎవరు చూసుకోవాలన్న టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌నే కొందరు వ్యాపారం చేసుకున్నారు. "జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన అమ్మాయి మేడమ్, ఐసీయూలో పనిచేసింది" అని ఏజెన్సీవాళ్లు ఫోన్‌లో చెప్పారు. నెల డబ్బు ముందే కట్టించుకున్నారు, రిజిస్ట్రేషన్ ఫీజు అదనం. సర్టిఫికెట్ అడిగితే "ఆఫీసులో ఉంది, పంపిస్తాం" అన్నారు. ఇంతవరకూ రాలేదు.

ఏజెన్సీవాళ్లే ఒక నోటు పుస్తకం ఇచ్చారు. రెండు గంటలకోసారి ఎటువైపు తిప్పారో, ఎంత పోశారో, యూరిన్ ఎంత వచ్చిందో అందులో రాయాలి. ఒకరోజు నేను నాలుగింటికే ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. రాత్రి పది దాకా గళ్లన్నీ అప్పటికే నిండి ఉన్నాయి. ఆరింటికి ఎడమవైపు, ఎనిమిదింటికి కుడివైపు, పదింటికి వెల్లకిలా! దుప్పటి తీసి అమ్మను పక్కకు తిప్పి చూస్తే, వెన్ను చివర ఎముక మీద రూపాయి బిళ్లకంటే పెద్దగా తోలు ఊడిపోయి తడితడిగా ఉంది. డైపర్ పొద్దున నేను వేసిందే.

అంతటితో ఆగలేదు. వెల్లకిలా పడుకోబెట్టే పైపులో పాలు పోస్తున్నట్టు మా అక్క చూసింది. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి పోయాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. యూరిన్ బ్యాగు మంచం మీదే, అమ్మ కాళ్ల పక్కన ఉంది. అది ఎప్పుడూ మంచం కంటే కిందికి వేలాడాలి, లేదంటే మూత్రం వెనక్కిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

అడిగితే ఆ అమ్మాయి ఏడ్చేసింది. "నేను బట్టల షాపులో చేస్తుండేదాన్ని అక్కా. వేరే పేషెంటు ఇంట్లో రెండు రోజులు చూసి నేర్చుకోమన్నారు" అంది. మేం కట్టినదాంట్లో సగం కూడా ఆమె చేతికి రావడం లేదు. రాత్రీపగలూ ఒక్క మనిషే రెండు గంటలకోసారి లేచి తిప్పడం ఎవరివల్లా కాదు. అది తెలిసీ ఒక్కరినే పంపినవాళ్ల మీదే నా కోపమంతా.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "వయసైనవాళ్లకు అవి వస్తాయి మేడమ్" అన్నారు. నమ్మకండి. ఒకేచోట బరువు పడి రక్తం ఆడకపోవడం వల్ల వచ్చే పుండ్లు ఇవి. సరిగ్గా తిప్పుతూ, ఒళ్లు పొడిగా ఉంచితే చాలావరకు రావు. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. డబ్బు వాపసు మాట ఎత్తగానే వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

పుస్తకం కాదు, ఒళ్లు చూడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు మీరే దగ్గరుండి నడుం కింద, తుంటి, మడమలు చూడండి. వేలితో నొక్కి తీసినా ఎర్రదనం పోలేదంటే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా, గట్టిగా తగులుతుంది. అక్కడ నూనె రాసి రుద్దకండి, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. వెంటనే డాక్టరుకు చూపించండి.

నర్సు అని చెబితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏఎన్‌ఎం (జీఎన్‌ఎం కంటే చిన్న నర్సింగ్ కోర్సు) అయినా, జీఎన్‌ఎం అయినా అది ఉండాలి. కేర్‌టేకర్ అయితే కేర్‌టేకర్ అనే రాసివ్వమనండి, ఇంజెక్షన్ల జోలికి రానివ్వకండి. పని మొదటిరోజు మీ కళ్లముందే తిప్పించి, పైపులో పోయించి చూడండి. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ కాగితం లేకుండా ఇంట్లోకి రానివ్వకండి. డబ్బు సంస్థ ఖాతాకే వేయండి, ఎవరి సొంత నంబరుకో కాదు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఇప్పుడు తిరుపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను, అందుకే ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. 5 లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. పెద్దవాళ్లను కొట్టినా, తిండి పెట్టకపోయినా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చెప్పండి. ఒకేరకంగా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. మీకూ ఇలాగే జరిగి ఉంటే పుండు ఫొటోలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, ఆ నోటు పుస్తకం పారేయకుండా నాకు చెప్పండి, కలిసి వేద్దాం.