ఒక బాల్కనీ గదా, రెండు ఇన్‌సైడ్ గదులా: మొదటి క్రూజ్‌కి ఏ క్యాబిన్ మేలు?

విజయవాడలో ఏ ట్రావెల్స్ వాళ్లని క్రూజ్ రేటు అడిగినా వాట్సాప్‌లో నాలుగు వరుసలు వచ్చి పడతాయి. ఇన్‌సైడ్ (కిటికీ లేని లోపలి గది), ఓషన్ వ్యూ (సముద్రం వైపు కిటికీ ఉన్న గది), బాల్కనీ, సూట్. వరుస మారేకొద్దీ రేటు పెరుగుతుంది కానీ ఫొటోల్లో గదులన్నీ ఒకేలా తళతళలాడుతుంటాయి. ఫొటో తీసేవాడు మూలకి నక్కి వైడ్ లెన్స్‌తో తీస్తాడు కాబట్టి అసలు సైజు అందులో తెలియదు. ఏజెంటేమో "ఫస్ట్ టైమ్ కదండీ, బాల్కనీ తీసుకోండి, మళ్లీ మళ్లీ వెళ్తామా" అంటాడు. ఇంట్లో ఎవరో ఒకరు "పడుకోడానికేగా, ఏదైతేనేం" అంటారు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం.

నా లెక్క ముందే చెప్పేస్తాను. నలుగురున్న కుటుంబమైతే ఒక బాల్కనీ గది కంటే రెండు ఇన్‌సైడ్ గదులు మేలు. పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లకి ఓషన్ వ్యూ. భార్యాభర్తలిద్దరే అయితే మాత్రం ఓడ ఎటు వెళ్తోందో చూసి తేల్చుకోవాలి. సూట్ గురించి ఇక్కడ మాట్లాడను. అంత డబ్బు పెట్టగలిగినవాళ్లకి నా సలహాతో పనిలేదు.

మనవైపు నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా రెండు దారులు పడతారు. ఒకటి చెన్నైలో ఎక్కే ఎంప్రెస్, కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఓడ. పడమటి తీరంలో వానలు ముదిరే నెలల్లో ఆ ఓడ ఇటు తూర్పు తీరానికి వస్తుంటుంది, 2022లో విశాఖలో కూడా ఆగింది. 1990 నాటి ఓడ కాబట్టి గదులు అప్పటి కొలతల్లోనే ఉంటాయి. ఇన్‌సైడ్ గది 120 చదరపు అడుగులకు అటూ ఇటూ, అంటే 10 బై 12 అనుకోండి, బాత్రూమ్ కూడా అందులోనే. బాల్కనీ ఉన్న గదులు ఆ ఓడలో కొద్దిగానే ఉంటాయి. రెండో దారి, సింగపూర్ దాకా విమానంలో వెళ్లి అక్కడ పెద్ద ఓడ ఎక్కడం. రాయల్ కరీబియన్ అనే కంపెనీ వాళ్ల క్వాంటమ్ తరగతి ఓడల్లో మామూలు ఇన్‌సైడ్ గది 166 చదరపు అడుగులు, మామూలు బాల్కనీ గది 198. బాల్కనీని విడిగా లెక్కేస్తారు. అంటే గది లోపల తేడా 32 చదరపు అడుగులే. పెరిగిన రేటు గదికి కాదు, ఆ గాజు తలుపు అవతల ఉన్న చోటుకి కడుతున్నాం. ఆ చోటు మీరు ఎంతసేపు వాడతారన్నదే అసలు లెక్క.

"కిటికీ లేని గదా? నాకు గాలాడదే అమ్మాయీ" అంది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని. చాలామంది భయం ఇదే. నిజానికి గాలికి కొదవ ఉండదు, ఏసీ అన్ని గదులకీ ఉంటుంది, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కోవాల్సినంత చల్లగా ఉంటుంది. ఇబ్బంది వెలుతురుతోనే. లైటు ఆర్పితే కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. తెల్లారిందో అర్ధరాత్రో తెలియదు. నాలుగింటికే లేచి కూర్చునే పిన్ని లాంటివాళ్లకి ఇది నరకం. రాత్రి రెండింటిదాకా డెక్కుల (ఓడ అంతస్తుల) మీద తిరిగి పదింటిదాకా పడుకునే పిల్లలకి ఇంతకంటే మంచి గది దొరకదు. ఇన్‌సైడ్ తీసుకున్నవాళ్లకి ఒక చిట్కా: చాలా ఓడల్లో టీవీలో ఓడ ముందువైపు కెమెరా చూపించే చానెల్ ఒకటి ఉంటుంది. సౌండ్ తీసేసి అది పెట్టుకుని పడుకుంటే రాత్రంతా స్క్రీన్ నల్లగానే ఉండి, తెల్లారుతుంటే తనే మెల్లగా వెలుగుతుంది. రాయల్ కరీబియన్ వాళ్లు 2014 నుంచి ఇదే ఆలోచనని పెద్దది చేసి, కొన్ని ఓడల ఇన్‌సైడ్ గదుల్లో 80 అంగుళాల స్క్రీన్ పెట్టి బయటి సముద్రాన్ని చూపిస్తున్నారు. పేరు వర్చువల్ బాల్కనీ. పిల్లలు మొదటి రోజు దాని ముందే నిలబడతారు, రెండో రోజు పట్టించుకోరు.

ఇక నలుగురూ ఒకే గదిలో అంటే ఎలా ఉంటుందో చూడండి. కింద ఒక డబుల్ బెడ్. మూడో మనిషికి సోఫాని పరుపు చేస్తారు. నాలుగో మనిషికి సీలింగ్‌లోంచో గోడలోంచో ఒక బెర్త్ కిందికి దిగుతుంది, మన రైల్లో పై బెర్త్ లాగానే, కాకపోతే దీనికి మెత్తటి పరుపూ విడి నిచ్చెనా ఉంటాయి. రాత్రి ఇవన్నీ పరిచాక నేల మీద మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే మిగులుతుంది. ఆ సందులోనే నిచ్చెన కూడా ఉంటుంది. పొద్దున ఎనిమిదికల్లా మలేషియాలోని పీనాంగ్‌లో దిగాలనుకోండి, నలుగురికీ కలిపి ఒక్క బాత్రూమ్, అందులో ఇద్దరు తలస్నానం చేసేవాళ్లు. అప్పుడు బాల్కనీలోంచి సముద్రం ఎంత బాగుందో చూసే ఓపిక ఎవరికుంటుంది?

రెండు ఇన్‌సైడ్ గదులు తీసుకుంటే రెండు బాత్రూమ్‌లు, రెండు బీరువాలు, పై బెర్త్ ఎక్కే పని లేదు. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లు లైటు వేసుకుని కూర్చోవచ్చు. రేటు విషయంలో ఒక మెలిక ఉంది. క్రూజ్ రేటు ఇద్దరు కలిసి ఉంటారన్న లెక్క మీద మనిషికింత అని చెబుతారు. మూడో, నాలుగో మనిషికి తగ్గుతుంది. కాబట్టి నలుగురినీ ఒక ఇన్‌సైడ్‌లో కుక్కడమే అన్నిటికంటే చవక. కానీ నలుగురికి ఒక బాల్కనీ ఎంత, ఇద్దరిద్దరికి రెండు ఇన్‌సైడ్‌లు ఎంత అని రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా చాలాసార్లు మనం అనుకున్నంత ఉండదు. ఏజెంటు ఈ రెండో కొటేషన్ తనంతట తాను ఇవ్వడు, అడగాలి. బుకింగ్‌లో చాలా కంపెనీలు గదికొక పెద్దవాళ్లు ఉండాలంటాయి కాబట్టి అమ్మా ఒక పిల్లా, నాన్నా ఒక పిల్లాడూ అని రాయించుకోండి. ఓడ ఎక్కాక ఎవరు ఎక్కడ పడుకుంటారన్నది మీ ఇష్టం. గదులు పక్కపక్కనే కావాలి, లేదా గదుల మధ్య నడిచే వరండాకి అటూ ఇటూ ఎదురెదురుగా కావాలి.

బాల్కనీకి నేను వ్యతిరేకిని కాను. తడి గాలి మొహానికి కొడుతుంటే కాఫీ కప్పుతో కూర్చుని, ఓడ నీళ్లని చీల్చుకుంటూ పోయే చప్పుడు వినడం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. నార్వే, అలాస్కా లాంటి చోట్ల ఓడ కొండల మధ్యలోంచి గంటలకొద్దీ పోతుంటే అక్కడ బాల్కనీకి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటే. మనం వెళ్లేది సింగపూర్, పీనాంగ్, ఫుకెట్. లేకపోతే చెన్నై నుంచి బంగాళాఖాతం. ఉక్కపోతలో విజయవాడకేం తీసిపోవు. పొద్దెక్కాక బాల్కనీలో పది నిమిషాలు కూర్చుంటే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. తలుపు తీసి పెట్టుకుని లోపల కూర్చుందామంటే కొత్త ఓడల్లో చాలావాటిలో తలుపు తెరిస్తే ఏసీ ఆగిపోతుంది. పైగా రెండు మూడు రాత్రుల ట్రిప్పులో భోజనాలు, షోలు, పూల్, దిగి ఊరు చూడ్డం పోను గదిలో మెలకువగా ఉండే టైమెంత? సముద్రం చూడాలంటే పై డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడొచ్చు, దానికి టికెట్టు లేదు. తడి బట్టలు బాల్కనీలో ఆరేయొచ్చనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోండి, రెయిలింగ్ మీద బట్టలు వేయనివ్వరు.

ఇద్దరే వెళ్తూ, నాలుగు రాత్రులకి మించి ఉంటూ, జనంలో ఎక్కువసేపు ఉండలేనివాళ్లయితే బాల్కనీ తీసుకోండి. చంటిపిల్ల తల్లికి కూడా ఇది పనికొస్తుంది. పాప మధ్యాహ్నం పడుకుంటే తల్లి చీకటి గదిలో ఇరుక్కుపోకుండా బయట కూర్చోగలుగుతుంది. పాప నడిచే వయసుకొస్తే మాత్రం ఆ తలుపు గొళ్లెం మీద ఒక కన్నేసి ఉంచాలి.

పిన్నికి చివరికి ఓషన్ వ్యూ తీసుకున్నాం. తెరుచుకోని కిటికీ, మందపాటి అద్దం, అంతే. కానీ కళ్లు తెరవగానే తెల్లారిందని తెలుస్తుంది, మాత్రలు వేసుకునే వేళ తెలుస్తుంది, మధ్యాహ్నం మంచం మీద ఒరిగి దూరంగా పోయే ఓడల్ని చూస్తూ గడిపేయొచ్చు. రేటు చాలాసార్లు ఇన్‌సైడ్‌కి దగ్గరగానే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: "అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ" అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఆ గదుల కిటికీ ముందు లైఫ్‌బోటు వేలాడుతుంటుంది. వెలుతురు వస్తుంది కానీ సముద్రం బదులు నారింజ రంగు పడవ కనిపిస్తుంది. నన్నడిగితే, తక్కువకి వస్తే అదీ మంచి బేరమే.

గది రకం కంటే గది ఎక్కడుందన్నది ఎక్కువ ముఖ్యం. దీన్ని ఏజెంట్లు "అవన్నీ ఒకటేనండీ" అని తేల్చేస్తారు. ఒకటి కావు. ఓడ ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది కాబట్టి రెండు కొసల్లో ఊపు ఎక్కువ, మధ్యలో తక్కువ. పక్కలకి ఒరిగినప్పుడు పై అంతస్తుల్లో ఎక్కువ తెలుస్తుంది, కింద తక్కువ. అంటే కడుపులో తిప్పే రకం మనుషులకి కింది డెక్కుల్లో మధ్య గది శ్రేష్ఠం. బాల్కనీలు ఎక్కువగా పై డెక్కుల్లో ఉంటాయన్నది గుర్తుంచుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకి బంగాళాఖాతంలో అలలు పెద్దవిగానే ఉంటాయి. కారు ఘాట్ రోడ్డు ఎక్కితేనే వాంతి చేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగి మాత్ర రాయించుకుని, ఓడ కదలకముందే వేసుకోవాలి.

కంపెనీ వెబ్‌సైట్లో డెక్ ప్లాన్ ఉంటుంది, అది తెరిచి మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైనా కిందా గదులే ఉంటే నిశ్చింత. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటరో డాన్స్ ఫ్లోరో ఉంటే అర్ధరాత్రి దాకా దబదబ. మరీ ముందుకి ఉంటే రేవు దగ్గరపడినప్పుడు ఓడని పక్కకి జరిపే థ్రస్టర్ల గరగర మంచాన్ని కూడా వణికిస్తుంది. పక్క గదిలోకి తలుపున్న కనెక్టింగ్ రూమ్ మీ వాళ్లతోనే అయితే బంగారం, తెలియనివాళ్లతో అయితే వాళ్ల మాటలన్నీ మీకు వినిపిస్తాయి. "గ్యారంటీ క్యాబిన్" అని తక్కువ రేటుకి ఇస్తామంటే దానర్థం గది నంబరు వాళ్లిష్టం అని. ఇద్దరైతే సాహసం చేయొచ్చు. రెండు గదులు దగ్గర దగ్గర కావాలనుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు.

బాత్రూమ్ విషయంలో ఏ రేటు గదైనా పెద్ద తేడా లేదు. గుమ్మం నేల కంటే ఎత్తుగా ఉంటుంది, అర్ధరాత్రి కాలి బొటనవేలు దానికి తగలకుండా ఎవరూ తిరిగి రారు. షవర్ చోటు ఒక మనిషి నిలబడేంత. అద్దం తలుపు ఉంటే అదృష్టం, కర్టెన్ అయితే నీళ్లు పడగానే అది వచ్చి ఒంటికి చుట్టుకుంటుంది. టాయిలెట్ బటన్ నొక్కగానే గాలి పీల్చేసే శబ్దానికి చిన్నపిల్లలు జడుసుకుంటారు. బకెట్టూ మగ్గూ ఉండవు. విదేశీ ఓడల్లో చాలావాటిలో హ్యాండ్ షవర్ కూడా ఉండదు, పేపరే. చిన్న ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పడేసుకోండి. ఈ ఒక్క ముక్క చెప్పినందుకు మా వదిన ఇప్పటికీ థాంక్స్ చెబుతుంది.

ప్లగ్గులు చూస్తే అమెరికా చప్పటి పిన్నులవీ, యూరప్ గుండ్రటి పిన్నులవీ ఉంటాయి. మన ఫోన్ ఛార్జర్ల గుండ్రటి రెండు పిన్నులు రెండోదాంట్లో చాలావరకు పడతాయి, మూడు పిన్నులది పడదు, అడాప్టర్ కావాలి. ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, అగరొత్తులు, దీపం ఏవీ గదిలోకి రానివ్వరు, స్కానింగ్‌లోనే తీసి పక్కన పెడతారు. ఇంట్లో కలిపిన ఆవకాయ, కందిపొడి లాంటివి కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. షాపులో సీలు వేసిన ప్యాకెట్లయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గోడలు ఎక్కువగా ఇనుపవే కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలూ బ్యాగులూ మంచం మీద కుప్ప పడవు. ఖాళీ చేసిన సూట్‌కేసులు మంచం కిందికి తోసేయండి, అక్కడ చోటుంటుంది.

ఎక్కిన రోజు మధ్యాహ్నానికి గాని గది చేతికి రాదు, పెద్ద సామాను సాయంత్రానికి గుమ్మం ముందుకొస్తుంది. దిగేముందు రాత్రి ఆ సామానుకే ట్యాగు కట్టి వరండాలో పెట్టాలి, పొద్దున్న ఒడ్డు మీద తీసుకోవడమే. మాత్రలు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు రెండుసార్లూ చేతి సంచీలోనే ఉంచుకోండి. ఒంటి మీద నైట్ డ్రెస్ తప్ప మిగతావన్నీ సూట్‌కేసులో సర్దేసి బయట పెట్టేవాళ్లు ప్రతి ఓడలో ఎవరో ఒకరు ఉంటారు.