‘మైనం డస్టర్’ పేరుతో ఒంగోలులో అంటగడుతున్న సరుకు: కారు ఉన్నవాళ్లు చూసుకోండి

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు వైపు కారు ఉన్నవాళ్లు, అందులోనూ నల్లదో ముదురు నీలందో ఉన్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. కార్ యాక్సెసరీస్ షాపుల్లో ఈ మధ్య ఎర్ర దారాల కుచ్చుతో, చెక్క పిడితో ఒక డస్టర్ అమ్ముతున్నారు. జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, "మైనం పట్టించిన కాటన్ అన్నా, నీళ్లక్కర్లేదు, దుమ్ము మొత్తం లాగేస్తుంది, ఒక్క గీత పడితే నన్నడుగు" అంటారు. నేను 650 రూపాయలు పెట్టి కొన్నాను. ఇప్పుడు ఎండలో నా కారు బానెట్ చూస్తే సాలెగూడు పరిచినట్టు గుండ్రంగా గీతలు. టాప్ మీద ఇంకా ఎక్కువ. షాపు పేరు రాయడం లేదు. అదే సరుకు, అదే కవర్ ఊళ్లో వేరే షాపుల్లోనూ చూశాను కాబట్టి ఒక్కరి పేరు చెప్పి లాభం లేదు.

అసలు ఈ రకం డస్టర్ మోసం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా కార్ డస్టర్ పేరుతో అమ్మేది ఇలాంటిదే. కాటన్ పోగులకు పారాఫిన్ మైనం పట్టిస్తారు. దుమ్ము ఆ పోగులకు అంటుకుని పైకి లేస్తుంది, పెయింట్ మీద ఈడ్చుకుంటూ పోదు. కొత్తది తెచ్చాక ఒకటి రెండు రోజులు పాత పేపర్ మీద పరిచి ఉంచమంటారు, ఎక్కువైన మైనం పేపర్ పీల్చుకుంటుందని. దాన్ని ఉతకకూడదు, అప్పుడప్పుడు బయట గట్టిగా దులిపితే చాలు. ఇవన్నీ తెలిసే కొన్నాను.

నాకు అంటగట్టింది మాత్రం వేరే. పేపర్ మీద పెడితే మైనం మరక కాదు, నూనె మడుగు కట్టింది. వాసన చూస్తే కిరోసిన్‌కి దగ్గర. షాపుకి ఫోన్ చేస్తే "కొత్తదానికి అలాగే ఉంటుంది అన్నా, వాడే కొద్దీ పోతుంది" అన్నాడు. వాడాక బానెట్ మీద ఇంద్రధనుస్సు రంగుల్లో జిడ్డు పొర తేలింది. మధ్యాహ్నానికి ఆ జిడ్డు మీద మామూలు కన్నా ఎక్కువ దుమ్ము పట్టింది. నాలుగైదు సార్లు వాడేసరికి గీతలు తేలాయి.

అనుమానం వచ్చి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. కాటన్ అయితే కాగితంలా కాలి, ముట్టుకుంటే బూడిదై రాలాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, చివర గట్టి నల్ల పూస కట్టింది. అంటే పాలిస్టర్. పాలిస్టర్ అన్నంత మాత్రాన పెయింట్ పాడవుతుందని కాదు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలో ఉండేదీ అదే. కానీ మైక్రోఫైబర్‌లో పోగుల్ని చాలా సన్నగా చీలుస్తారు, దుమ్ము ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. ఇక్కడ నున్నటి లావు దారాలకు ఏదో నూనె పూసి పెట్టారు. దుమ్ము లోపలికి పోదు. నూనెతో తడిసిన ఇసుక కారు మీద అటూ ఇటూ దొర్లుతుంది. పైగా కుచ్చు పలచన. దారాలు వేళ్లతో పక్కకు తోస్తే కింద గట్టి ప్లాస్టిక్ పట్టీ తగులుతోంది.

మన దుమ్ము సంగతి కూడా చెప్పుకోవాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కి దేశదేశాల్లో పేరుంది, కానీ ఆ రాళ్లు తోలే లారీల వెనక కర్నూలు రోడ్డులో రోజూ కారు నడిపేవాళ్లకే తెలుసు దాని ఇంకో ముఖం. పలకలు కోసేటప్పుడు వచ్చే స్లర్రీ (నీళ్లలో కలిసిన రాతి పొడి) ఎండితే పౌడర్ లాంటి బూడిదరంగు పొడి అవుతుంది. చూడటానికి మెత్తగా ఉంటుంది, నిజానికి నలిగిన రాయి. కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, తల వెంట్రుక కన్నా పలచన. పొడి గుడ్డతో ఆ పొడిని రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నెల్లూరు వాళ్లు మాకేంటి అనుకోకండి. కృష్ణపట్నం పోర్టు రోడ్డులో బొగ్గు లారీల వెనక తిరిగే కార్ల పరిస్థితీ ఇంతే. సముద్రపు గాలి తేమకు, శీతాకాలం పొద్దున పడే మంచుకు దుమ్ము తడిసి, ఎండ రాగానే పెయింట్‌కి అంటుకుపోతుంది. అలా అతుక్కున్న దుమ్ము మీద అసలుదైనా సరే, ఏ డస్టరూ పెట్టకూడదు.

గీతలు చూపించడానికి షాపుకి వెళితే ఓనరు మాట మార్చేశాడు. "ఇవి ముందునుంచీ ఉన్నవే సార్, నల్ల కారు కదా కనపడతాయి" అన్నాడు. వెంటనే, "రబ్బింగ్ చేసి పాలిష్ కొడతాం, మీకు కాబట్టి సగం రేటుకి" అన్నాడు. డస్టర్ అమ్మినవాడే గీతలు పోగొట్టే పనికీ రేటు చెబుతుంటే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఈ బేరానికి ఒప్పుకోకండి. రబ్బింగ్ కాంపౌండ్ అంటే క్లియర్ కోట్‌ని కొంచెం అరగదీయడమే. అవసరమైతే తెలిసినవాడి చేత, పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూసి చేయించాలి. చౌకగా చేసే చాలా పాలిష్‌లు గీతల్ని పోగొట్టవు, నూనె, మైనంతో పూడుస్తాయి. ఆ రోజు అద్దంలా మెరుస్తుంది, షాంపూతో కడగగానే గీతలు మళ్లీ బయటపడతాయి. నాకు తెలిసిన పెయింటర్ ఇంకో మాట చెప్పాడు: ఇలాంటి మెరుపు నూనెల్లో సిలికాన్ ఉంటే, రేపు ఆ ప్యానెల్‌కి (బానెట్, డోరు లాంటి భాగానికి) పెయింట్ వేయాల్సి వచ్చినప్పుడు రంగు సరిగా పరుచుకోక చిన్న చిన్న గుంటలు పడతాయట.

కొనే ముందు కవర్ తిప్పి చూడండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదు నంబరు ఉండాలి. బయటి దేశం సరుకైతే దిగుమతిదారు పేరు, ఏ దేశానిదో కూడా ఉండాలి. నాకిచ్చిన కవర్ మీద ఎర్ర కారు బొమ్మ తప్ప ఏమీ లేదు. తర్వాత కుచ్చు మీద తెల్ల టిష్యూ పేపర్ ఒత్తి చూడండి. కొంచెం జిడ్డు అంటితే సరే, తడిసి ముద్దయితే వదిలేయండి. దారాల లోపల వేళ్లు పెట్టి కింద ఏముందో తడమండి. ఊడిన పోగు ఒకటి అడిగి షాపు బయట అంటించి చూడండి. ఒప్పుకోకపోతే సమాధానం దొరికినట్టే.

నేనైతే ఇప్పుడు పొడి డస్టర్ జోలికే పోవడం లేదు. దుమ్ము పలచగా ఉంటే బ్లోయర్‌తో గాలి కొట్టి వదిలేస్తున్నాను. ఎక్కువగా ఉంటే బకెట్ నీళ్లలో రిన్స్‌లెస్ వాష్ లిక్విడ్ (తుడిచాక మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనిది) కలిపి, కొంత స్ప్రే బాటిల్లో పోసి ముందు ప్యానెల్ మీద కొట్టి కాసేపు నాననిస్తాను. మైక్రోఫైబర్ టవల్‌ని మడతలు పెట్టి బకెట్లో తడిపి, బరువు వేయకుండా ఒకే వైపు తుడుస్తాను. ఒక్కో ప్యానెల్‌కి కొత్త మడత. పైనుంచి మొదలుపెట్టి, బురద ఎక్కువుండే కింది భాగం చివర్లో, వేరే గుడ్డతో. కింద పడిన గుడ్డ ఆ రోజుకి పక్కనే. టవల్స్ ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి, పోగులు మూసుకుపోతాయి. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అన్ని కార్లకీ ఒకే గుడ్డ, ఒకే బకెట్ వాడుతుంటే మన కారు వదిలేయమని చెప్పడం మంచిది. నెల డబ్బులు ఇవ్వండి పాపం, టైర్లు, అద్దాలు చూసుకుంటాడు.

ఇక డబ్బుల సంగతి. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద అంకె రాసిచ్చాడు, దాని మీద షాపు ముద్ర కూడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో తీసుకోవాలి. నేను ఫోన్‌పే రికార్డు, కవర్ ఫోటోలు, కాలిన పోగు వీడియో పెట్టుకుని 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. ఇదే డస్టర్‌తో దెబ్బతిన్నవాళ్లుంటే ఎండలో తీసిన ఫోటోలు, డబ్బు కట్టిన ఆధారం దాచిపెట్టుకోండి. పాలిష్ చేయించే ముందే ఫోటోలు తీయండి, చేయించాక తీస్తే చూపించడానికి ఏమీ మిగలదు.