బత్తాయి తోటలో పాత మినీ ట్రాక్టరు: ఏళ్ల వాడకం తర్వాత

బత్తాయి తోటలోకి పెద్ద ట్రాక్టరు ఎందుకు దించకూడదో నల్లగొండ వైపు రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై అడుగుల ఎడం వదిలి నాటినా, చెట్లు ఎదిగాక కొమ్మలు రెండు వైపుల నుంచీ కమ్ముకొస్తాయి. అందులో పెద్ద బండి దూరితే కాయ రాలుతుంది, కొమ్మ విరుగుతుంది. అందుకే సెకండ్ హ్యాండులో 18 హెచ్‌పీ మినీ ట్రాక్టరు తీసుకున్నాను. మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, వెనక చిన్న రోటవేటరు (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పరికరం). కంపెనీ పేరు రాయను. నేను చెప్పేది ఈ సైజు బళ్లన్నిటికీ దాదాపు వర్తిస్తుంది.

తోటలో తిరిగే బండి అరిగి చెడేది తక్కువ, వేడెక్కి చెడేది ఎక్కువ. రోటవేటరు తిరుగుతుంటే ఎండుగడ్డి, ఆకు నుసి, దుమ్ము అన్నీ ముందున్న రేడియేటరు (ఇంజను నీళ్లను చల్లార్చేది) జాలీకి అంటుకుంటాయి. ఫ్యాను వాటిని ఇంకా లోపలికి లాగుతుంది. ఇంజను లాగడం లేదని షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, "ఇంజన్ల ఏం లేదన్నా, ముందుగాల రేడియేటర్ జూడు" అన్నాడు. అప్పటి నుంచి గాలి కొట్టించేటప్పుడు ఫ్యాను వైపు నుంచి బయటికి కొట్టిస్తున్నాను. ముందు నుంచి కొడితే చెత్త రేడియేటరు రేకుల మధ్యలోకి ఇంకా బిగుసుకుంటుంది.

రేడియేటరు లోపలి సంగతి వేరు. మా బోరు నీళ్ల ఫ్లోరైడు లోకమంతటికీ తెలుసు గానీ, రేడియేటరును మూసేది అందులోని సున్నం. పాత యజమాని పోసిన బోరు నీళ్లకు సన్న గొట్టాల్లో తెల్లటి పొర గట్టిపడింది. పై ట్యాంకు విప్పించి కడ్డీలతో శుభ్రం చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ కలిపి తప్ప ఇంకేమీ పోయను. కూలెంటు డబ్బా ధర చూసి వెనకాడేవాళ్లు, ఇంజను వేడెక్కితే పోయే హెడ్ గాస్కెట్ (ఇంజను తలకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) ఖర్చు ఒకసారి అడిగి చూడండి.

ఇంజనులోకి వెళ్లే గాలిలోని దుమ్మును ఆయిలులో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరూ అంతే ముఖ్యం. ఎండాకాలం దుక్కిలో కింది గిన్నెను రోజూ విప్పి చూడాలి. అడుగున బురద పేరుకుంటే కడిగి కొత్త ఆయిలు పోయాలి, అదీ గీత వరకే. ఎక్కువైతే ఇంజను ఆ ఆయిలునే పీల్చేస్తుంది. నల్లపొగ రాగానే డీజిల్ పంపు, నాజిల్ విప్పించేవాళ్లను చాలామందిని చూశాను. చాలాసార్లు గాలి అందకే ఆ పొగ. నీలిపొగ అయితే భయపడాలి, ఆయిలు కాలుతోందని అర్థం.

మిగతావి మామూలే. ఇంజనాయిలు కంపెనీ పుస్తకంలోని గంటల లెక్క ప్రకారం, బండికి పని ఉన్న రోజున గ్రీజు, ఫ్యాను బెల్టు వదులైతే బిగింపు. డీజిల్ ఫిల్టరు మార్చాక ఎయిర్ లాక్ అయితే (డీజిల్ గొట్టాల్లో గాలి చిక్కుకుంటే) ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిల్ చేతిపంపు కొట్టాలి. ఇది నేర్చుకుంటే మెకానిక్ కోసం ఎదురుచూపు తప్పుతుంది. చలికాలం పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు, ఇంజను లోపలి గాలిని వేడిచేసే గ్లో ప్లగ్గులు వేడెక్కనివ్వాలి. ముందు యాక్సిల్ బుష్షులు కొట్లో దొరక్కపోతే లేతు మీద చేయిస్తున్నాను, బాగానే పనిచేస్తున్నాయి. ఎలుకలకు మాత్రం మందు లేదు, వైరింగు రెండుసార్లు మార్పించాను.

నచ్చనిది కూడా చెప్పాలి. ఎండిన నేలలో నాగలి వేస్తే ముందు చక్రాలు లేస్తాయి. నిండు ట్రాలీతో గట్టెక్కించాలంటే గుండె దడ. ఒక్క ట్రాక్టరుతోనే పొలమూ తోటా నడపాలనుకుంటే ఇది వద్దు. తోటలో మాత్రం దీనికి సాటి లేదు. బత్తాయి వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పాదులకు దూరంగా, రెండు మూడు అంగుళాల లోతున కలుపు తిప్పడానికి ఇంతకు మించిన బలం అక్కర్లేదు. మందు కొట్టే పంపు కూడా పీటీవో (ఇంజను బలాన్ని బయటి పరికరాలకు అందించే వెనక షాఫ్టు) మీద సుఖంగా నడుస్తుంది.

పాతది కొనబోయేవాళ్లు బండి చల్లగా ఉన్నప్పుడే చూడండి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఉంచితే మరో రోజు రండి. చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి లోపల తెల్లపొర ఉందేమో గమనించండి. గేరుబాక్సు ఆయిలు పాలలా కనిపిస్తే నీళ్లు దిగినట్టే. రోటవేటరు పైకెత్తి ఇంజను ఆపి, టీ తాగి వచ్చేసరికి అది నేలకు దిగి ఉంటే దాన్ని ఎత్తి పట్టే హైడ్రాలిక్ సీళ్ల ఖర్చు ధరలో తగ్గించమనండి.