వైఫై పేటెంటు నోటీసు వస్తే ఏది మేలు: లైసెన్సా, బోర్డా, కోర్టా?

అమెరికాలో వైఫై పరికరాలు అమ్మే చిన్న కంపెనీలవారు ఇదే పదే పదే అడుగుతున్నారు. ఉల్లంఘన నోటీసు వచ్చింది. అడిగినంత కట్టేయాలా, పేటెంటు చెల్లదని అమెరికా పేటెంట్ ఆఫీసు బోర్డుకెక్కాలా, కోర్టులో తేల్చుకోవాలా?

అమ్మకాలు మరీ తక్కువైతే కట్టేయండి. లాయరు ఖర్చే అంతకు మించుతుంది.

పేటెంట్ ట్రయల్ అండ్ అపీల్ బోర్డులో రుజువు భారం కోర్టులోకన్నా తక్కువ. అయితే దావా అందిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. పాత పేటెంట్లు, అచ్చయిన రచనలే అక్కడ ఆధారాలు. ఒకటి రెండు పేటెంట్లకు ఈ దారి మంచిదే. పదీ ఇరవై పేటెంట్లకు దరఖాస్తులు పెడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, రాయల్టీని దేని మీద లెక్కకడుతున్నారన్నది. వైఫై పేటెంట్లున్న ఇన్నొవేషియో అనే సంస్థ హోటళ్ళ మీద, కాఫీ షాపుల మీద దావాలు వేసింది. పరికరాలు తయారుచేసిన సిస్కో, నెట్‌గేర్ వంటివి వచ్చి కేసును ఎదుర్కొన్నాయి. వైఫై సిగ్నల్ అందించే ఒక్కో యాక్సెస్ పాయింటుకు ఇన్నొవేషియో సుమారు 3.39 డాలర్లు అడిగింది. 2013లో జడ్జి హోల్డర్‌మన్ పరికరం ధరను పక్కన పెట్టి అందులోని వైఫై చిప్ దగ్గర మొదలుపెట్టారు. సగటు ధర 14.85 డాలర్లు, అందులో లాభం 12.1 శాతం, అంటే 1.80 డాలర్లు. ఆ లాభంలో 84 శాతాన్ని వైఫై ప్రమాణానికి తప్పనిసరైన సుమారు 3,000 పేటెంట్లలో అత్యంత విలువైన 300కు పంచి, 19 పేటెంట్లున్న ఇన్నొవేషియో వాటాగా చిప్‌కు 9.56 సెంట్లు తేల్చారు. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు కోర్టు మీద నమ్మకం పెరుగుతుంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కేసులోనూ అంతే: వస్తువు ధరలో 2.25 శాతం అడిగిన మోటరోలాకు వైఫై పేటెంట్ల కింద ఒక్కో ఎక్స్‌బాక్స్ గేమ్ పరికరానికి 3.471 సెంట్లే దక్కాయి.

అందుకే నా మొగ్గు కోర్టు వైపే, అదీ చిప్ సరఫరాదారు తోడొస్తేనే. దానికన్నా ముందు చూడాల్సింది మరొకటి ఉంది. సరసమైన షరతులకు లైసెన్సిస్తామని, వైఫై ప్రమాణాలు రూపొందించే ఐఈఈఈ సంస్థకు పేటెంటుదారు హామీ పత్రం ఇచ్చారా? పై రెండు తీర్పులకూ పునాది ఆ హామీయే. అది లేనిచోట అమ్మకాలే ఆగిపోవచ్చు. ఒక పాత వైఫై ప్రమాణానికి తప్ప తర్వాతివాటికి హామీ ఇవ్వని ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 2007లో వైఫై పరికరాలమ్మే బఫెలో కంపెనీ మీద టెక్సస్ కోర్టులో నిషేధం తెచ్చుకుంది. ఐఈఈఈ ఆ పత్రాలను బహిరంగంగానే ఉంచుతుంది. మీ నోటీసులోని పేటెంటుకు పత్రం కనిపించకపోతే నేనైతే కోర్టు మాట ఎత్తను. బోర్డుకు దరఖాస్తు సిద్ధం చేసుకుంటూనే లైసెన్సు బేరానికి కూర్చుంటాను.