విజయనగరంలో పసిపిల్లల కథల తరగతి: పలక పట్టించే ముందు వినడం నేర్పే చోటు

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్లే దారిలో, ఒక బట్టల దుకాణం మేడ మీద, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు శని, ఆదివారాల్లో కథల తరగతి నడుస్తోంది. పూటకు గంటసేపు ఉంటుంది, నెలకు 600 రూపాయలు తీసుకుంటారు. నాలుగున్నరేళ్ల మా మనవడిని ఈ ఏడు వేసవి సెలవుల తరువాత అక్కడ చేర్చాము. చాలాకాలం ఒకటో తరగతికి పాఠం చెప్పిన దాన్ని కావడం వల్ల, వాణ్ని దింపేసి వెళ్లిపోకుండా వెనక బల్ల మీద కూర్చుని తరగతులు చూస్తూ వచ్చాను.

ఆ గదిలో అక్షరమాల చార్టు కనబడదు. మొదటి మూడు నెలలూ పిల్లల చేతికి పలక గాని, పుస్తకం గాని ఇవ్వరు. చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు, "ఏమీ రాయించకపోతే దేనికమ్మా డబ్బు కట్టడం" అని కొందరు నా ఎదుటే అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, కాని దానికి గట్టి సమాధానమే ఉంది. పిల్లలు చదివినది అర్థం చేసుకోవడానికి రెండు సామర్థ్యాలు కావాలని, ఒకటి అక్షరాన్ని శబ్దంగా మార్చుకోగలగడం, రెండవది విన్న భాషను అర్థం చేసుకోగలగడం అని, ఇవి కూడికగా కాక గుణకారంగా పనిచేస్తాయి గనుక ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయేనని గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లోనే ప్రతిపాదించారు. పాఠాన్ని గడగడా చదివేసి, "ఇందులో ఏం జరిగింది?" అని అడిగితే నోరు మెదపని పిల్లలను చూసిన ఏ ఉపాధ్యాయుడికైనా ఈ మాట వెంటనే బోధపడుతుంది. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మౌఖిక భాషను చదువుకు పునాదిగానే చూస్తుంది.

తెలుగుకు సంబంధించి ఇంకో సంగతి ఉంది. మన లిపిలో ఒక దీర్ఘం, ఒక సున్నా, ఒక వత్తు మొత్తం అర్థాన్ని మార్చేస్తాయి. మెడ వేరు, మేడ వేరు. బడి వేరు, బండి వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఒకటో తరగతిలో "బండి" అని చెబితే "బడి" అని రాసే పిల్లలు ఎప్పుడూ కొందరుంటారు. వాళ్లకు గుణింతం మళ్లీ మళ్లీ రాయిస్తాం, కాని వాళ్లలో చాలామందికి ఆ రెండు మాటల మధ్య తేడా ముందు వినబడాలి. అది వినబడని పిల్లవాడు సున్నా ఎక్కడ పెట్టాలో ఊహించి పెడతాడు.

ఈ తరగతిలో ఆ పనిని ఆటగా చేయిస్తున్న తీరు నాకు బాగా నచ్చింది. ఒక పాత చీరను తెరలా కట్టి, దాని వెనక టీచరమ్మ చేటలో బియ్యం పోస్తారు, తాళాల గుత్తి ఊపుతారు, అగ్గిపెట్టె ఆడిస్తారు, ఇత్తడి గ్లాసును గరిటెతో తడతారు. అదేమిటో పిల్లలు పోల్చాలి. కొన్ని వారాల తరువాత శబ్దాల స్థానంలోకి మాటలు వస్తాయి. "ఆనపకాయ" అంటే అయిదు చప్పట్లు, "మేక" అంటే రెండు. "గొడుగు, గొర్రె, పడవ" అని వరసగా చెప్పి, వీటిలో మొదటి శబ్దం కలవనిది ఏదని అడుగుతారు. మా వాడు మొదట్లో చప్పట్లు ఆపకుండా కొట్టుకుంటూ పోయేవాడు. మొన్నొక ఆదివారం "గుడిసెలో సె తీసేస్తే ఏం మిగులుతుంది?" అని ఆమె అడిగితే, వాడు పెదవులతో రెండుసార్లు అనుకుని "గుడి!" అని లేచి నిలబడ్డాడు. మాటను ముక్కలు చేసి, ఒక ముక్క తీసేసి, మిగిలినదాన్ని మనసులో పట్టుకోగలిగిన పిల్లవాడికి గుణింతం నేర్పడం ఎంత తేలికవుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

కథ చెప్పే భాగం ఇంతకన్నా బాగుంటుంది. ఆమె కథను ఆపి ఆపి చెబుతారు, పిల్లలు ఊ కొట్టాలి. ఊ కొట్టడం ఆగితే ఆమె కథ ఆపేస్తారు. మధ్యలో "ఇప్పుడు నక్క ఏం చేస్తుందంటావు, ఎందుకు చేస్తుందంటావు?" అని పేరు పెట్టి అడుగుతారు, ఒక్క మాటతో చెప్పిన జవాబును పూర్తి వాక్యంగా పెంచి తిరిగి అప్పగిస్తారు. పిల్లలు "నక్క ఎల్లిపోనాది" అంటే వాళ్ల యాసను సరిదిద్దకుండా, "అవును, నక్క అడవిలోకి వెళ్లిపోయింది" అని కథలోకి కలిపేసుకుంటారు. ఇంటి మాటకు చిన్నతనం రానివ్వకుండా పుస్తకంలోని మాటను చెవిన వేసే ఈ పద్ధతిని మన బడులన్నీ పాటించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పుడప్పుడు, జముకు అనే వాద్యం వాయిస్తూ పాడే మన ఉత్తరాంధ్ర జానపద కళ, జముకుల కథ చెప్పే పెద్దాయన ఒకరు వస్తారు. ఆయన పాటకు వంత పాడాలంటే ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆగాలో కాచుకుని ఉండాలి గనుక, అల్లరి పిల్లలు కూడా ఆ అరగంట కదలరు.

ఇంకో విషయాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. వెనక నుంచి పిలిస్తే పలకని ఒక పాపను టీచరమ్మ గమనించి, మొండితనమని తోసిపుచ్చకుండా, ముందు చెవి డాక్టరుకు చూపించమని తల్లికి చెప్పారు. జలుబు వదలని పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి కొన్నాళ్లు వినికిడి తగ్గవచ్చు, అది తెలియక మందబుద్ధి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంగన్‌వాడీల్లోను, ప్రభుత్వ బడుల్లోను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జరిగే పరీక్షల్లో వినికిడి లోపం కూడా ఒక అంశమే. ఇక్కడ మాత్రం చేర్చుకునేటప్పుడు పిల్లల చెవుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు, ఆ పాప సంగతి కేవలం టీచరమ్మ చూపు వల్ల బయటపడింది.

లోపాలు లేకపోలేదు. గది రోడ్డు వైపు ఉంది, సాయంత్రం పూట ఆటోల హారన్లకు తోడు పాత ఫ్యాను కిర్రుమంటుంది, వెనక వరుస పిల్లలకు సగం కథ అందదు. వినడం నేర్పే చోట ఇది చిన్న లోపం కాదు. తలుపులు మూసి, మందపాటి తెరలు వేసి, పిల్లలను గుండ్రంగా కూర్చోబెడితే చాలావరకు తగ్గుతుంది. మూడేళ్ల పిల్లలను, ఆరేళ్ల వాళ్లను కలిపేయడం వల్ల చిన్నవాళ్ల బదులు పెద్దవాళ్లే జవాబు చెప్పేస్తున్నారు. టీచరమ్మ రాని రోజున స్పీకరులో రికార్డు కథలు పెడతారు, అయిదు నిమిషాలకే పిల్లలు చెదిరిపోతారు, ఎందుకంటే ఆ పెట్టె వాళ్లను ఏమీ అడగదు, వాళ్లు చెప్పేది వినదు. ఆ రోజుకు సెలవు ఇచ్చేయడం మేలు. తల్లిదండ్రుల ఒత్తిడికి లొంగి ఈ మధ్య నెలాఖరున చుక్కలు కలిపే అక్షరాల కాగితాలు పంచుతున్నారు. పట్టు సరిగ్గా కుదరని వేళ్లతో ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు, నిర్వాహకులతో ఆ మాట అన్నాను కూడా.

ఇంట్లో తాతమ్మలు, నాయనమ్మలు కథలు చెప్పి ఊ కొట్టించుకునే ఓపికతో ఉంటే ఈ 600 రూపాయలు కట్టనవసరం లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లకు, రోజంతా టీవీ మోగుతూ ఉండే ఇళ్లకు ఈ తరగతిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆదివారం ఉదయం పూట ఎంచుకుంటే రోడ్డు రొద తక్కువగా ఉంటుంది. చేర్చే ముందు ఒక పూట వచ్చి కూర్చుని చూడనిస్తారు, దానికి డబ్బు తీసుకోరు.